పరహస్తంలో వీణ

ఈ శీర్షికలో సాధారణంగా యంత్రాలను గురించే వ్రాస్తూ ఉంటాను. గత రెండు సంచికలలోను బేరింగుల ఆయుఃప్రమాణాన్ని గురించి, కందెనల ఎంపికను గురించి చెప్పి పాఠకుల ఓర్పును తగినంతగా పరీక్షించాను గనుక, ఈసారి కొంచెం దారి తప్పడానికి అనుమతి కోరుతున్నాను. విషయం మరమ్మతుకు సంబంధించినదే. మరమ్మతు కావలసిన వస్తువు మాత్రం వీణ.

మా ఇంట్లో బొబ్బిలి వీణ ఒకటి ఉన్నది. 1966లో మా అమ్మ కాపురానికి బిలాస్‌పూర్ వచ్చినప్పుడు మాతామహులు చేయించి ఇచ్చినది. బొబ్బిలి సమీపాన గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులైన శిల్పులు తరతరాలుగా పనస మానునుండి వీణలను తొలుస్తున్నారన్నది సంగీతప్రియులు ఎరిగిన సంగతే. కుండను, దండిని వేరువేరుగా చేసి అతకకుండా ఒకే దుంగలో తొలవడం ఆ వీణ ప్రత్యేకత. దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. మా నాన్నగారు ఆ వీణను రాయగడ, రాయపూర్‌ల మీదుగా రైలులో, రాత్రంతా కాళ్ళపై అడ్డంగా పెట్టుకొని తెచ్చారట. పార్వతీపురం నుండి రాయపూర్ వరకు ఆ మార్గం 1931లో పూర్తయింది. ఉత్తరాంధ్రవారు ఎందరో బిలాస్‌పూర్ రైల్వే కాలనీలకు చేరుకొన్నది ఆ మార్గానే. మనుషులతోబాటు ఆవకాయ జాడీలూ, ఇత్తడి బిందెలూ, అప్పుడప్పుడు ఒక వీణా వచ్చాయి.

అమ్మ పోయి తొమ్మిదేండ్లయింది. అప్పటినుండి వీణ దుప్పటి గలేబులో, పడకగది మూలనే ఉండిపోయింది. ఈ సంవత్సరం మా అమ్మాయికి నేర్చుకోవాలన్న బుద్ధి పుట్టింది. పాఠం చెప్పడానికి ఒప్పుకొన్న అమ్మగారు గలేబు తీసి, నాలుగు తంత్రులూ మీటి చూసి, “మేళం చెడిపోయిందండీ, బిరడాలు జారుతున్నాయి. బాగుచేయిస్తేగాని పాఠం సాగదు” అన్నారు.

అంతే. అక్కడినుండి నా కష్టాలు మొదలైనాయి.

వృత్తిరీత్యా నాకు మరమ్మతు కొత్త కాదు. గనులలో పనిచేసే డంపర్ల ఇంజన్లను, గేరు పెట్టెలను ముప్పయి ఏండ్లుగా పరుల చేతికి అప్పగిస్తూనే ఉన్నాను. టెండరు పిలుస్తాము, అర్హతలు చూస్తాము, పూర్వానుభవ పత్రాలు అడుగుతాము, తక్కువ ధర కోట్ చేసినవానికి పని ఇస్తాము, హామీ సొమ్ము పట్టి ఉంచుతాము. కోట్ల రూపాయల యంత్రాన్ని లారీ ఎక్కించి పంపిన రాత్రి కూడా నేను సుఖంగానే నిద్రపోయాను. ఎందుకంటే పాడైతే కొత్తది వస్తుంది. ఈ వీణ పాడైతే ఏ గిడ్డంగినుండీ రెండవది రాదు. అప్పుడు గాని నాకు తెలిసిరాలేదు, మా పద్ధతులన్నీ పోగొట్టుకొన్నదాని వెల రాబట్టుకోవడానికేగాని, పోగొట్టుకోకుండా ఉండడానికి కావని.

అదీగాక మాకొక చేదు అనుభవం ఉన్నది. చాలా ఏండ్ల క్రితం, మరొక ఊరిలో ఉన్నప్పుడు, అమ్మ తంబురా బుర్ర చిట్లితే ఒక దుకాణంలో ఇచ్చాము. వారు ఆ చీలికలో రసాయన లప్పం కూరి, పైన అద్దంలా మెరిసే వార్నిషు పూసి, ఎంతో గర్వంగా తిరిగి ఇచ్చారు. చూడ ముచ్చటగా ఉంది. మీటితే మాత్రం రేకుడబ్బా మ్రోగినట్లు మ్రోగింది. అమ్మ ఏమీ అనలేదు. మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు. ఆ లప్పం గట్టిపడితే రాయి. తీయబోతే బుర్ర కూడా ఊడివస్తుంది.

బిలాస్‌పూర్‌లో వీణ చేసేవారు లేరు. విచారించగా బుధవారీ బజారు వైపు ఒక మేస్త్రీ ఉన్నాడనీ, గిటార్లూ హార్మోనియములూ బాగుచేస్తాడనీ తెలిసింది. వెళ్ళి చూశాను. అరవై దాటిన మనిషి. మూడు తరాల క్రితం శ్రీకాకుళం ప్రాంతంనుండి రైల్వే పనికి వచ్చిన కుటుంబం. తండ్రి లోకోషెడ్డులో ఫిట్టరు. ఈయన కుర్రతనంలో రైల్వే ఇన్‌స్టిట్యూటులో ఆంగ్లో-ఇండియన్ల బ్యాండు వాయించే చోట చేరి, తెగిన తంత్రులు మార్చడంతో మొదలుపెట్టి ఈ పని నేర్చుకొన్నాడట. తెలుగు మాట్లాడతాడు, మధ్యమధ్య హిందీ, చత్తీస్‌గఢీ దొర్లుతూ ఉంటాయి. గోడకు పదిపన్నెండు గిటార్లు వ్రేలాడుతున్నాయి. ధ్రువపత్రం ఒక్కటీ లేదు.

గిటారు మేస్త్రీ చేతికి వీణ ఇవ్వవచ్చునా? ఇక్కడ కొంత శాస్త్రం చెప్పక తప్పదు. గిటారు మెట్లు లోహపు కడ్డీలు. కర్రలో రంపంతో కోసిన గాళ్ళలో బిగించి ఉంటాయి. వాటి స్థానాలను లెక్క కట్టి కోస్తారు. తంత్రి పొడవును 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం వస్తుంది; మిగిలిన పొడవును మళ్ళీ అదే సంఖ్యతో భాగిస్తే రెండవది. 800 మిల్లీమీటర్ల తంత్రికి మొదటి మెట్టు 44.9 మిల్లీమీటర్ల దగ్గర, పన్నెండవది సరిగా సగంలో, 400 దగ్గర పడుతుంది. వీణకు అట్లా కాదు. ఇరవై నాలుగు మెట్లనూ తేనెమైనంలో మసి కలిపిన దిమ్మపై నిలుపుతారు. చెవితో వింటూ, వెంట్రుకవాసి ముందుకో వెనుకకో జరుపుతూ స్వరస్థానాలకు సరిచేస్తారు. దీనినే మేళం కట్టడమంటారు. తంజావూరు రఘునాథనాయకుని కాలంనుండి, అంటే పదిహేడవ శతాబ్దంనుండి, ఇరవై నాలుగు మెట్ల వీణ స్థిరపడిందని చెబుతారు. మైనం ఎందుకు? వీణ మెట్లు దండికి ఎత్తుగా ఉంటాయి. నొక్కినప్పుడు తంత్రి క్రిందికి సాగి, బిగువు పెరిగి, స్వరం కొంచెం హెచ్చుతుంది. ఎంత హెచ్చుతుందన్నది మెట్టు ఎత్తును బట్టి, తంత్రి లావును బట్టి ఉంటుంది. అందుచేత లెక్క దారి చూపుతుందే తప్ప, చివరి మాట చెవిదే.

ఇదంతా పుస్తకాలు తిరగవేసి తెలుసుకొని, మా వీణకు ఇరవై నాలుగు స్థానాలూ గణించి, ఒక పట్టిక కూడా తయారుచేసుకొన్నాను. ఆ పట్టిక దేనికీ ఉపయోగపడలేదని ముందే మనవి చేస్తున్నాను.

వీణ ఇచ్చే ముందు మేస్త్రీని పరీక్షించాలనుకొన్నాను. నా కళాశాల రోజులనాటి కలకత్తా గిటారు ఒకటి అటక మీద ఉన్నది. దాని తంత్రులు మెట్లకు మరీ ఎత్తుగా ఉండి వ్రేళ్ళు నొప్పిపుడతాయి. ఆ ఒక్క లోపమే చెప్పి ఇవ్వాలనీ, చెప్పని లోపం ఒకటి ఉంచాలనీ ఆలోచన. మర బిరడాలలో ఒకదాని స్క్రూను నేనే వదులు చేశాను. దొంగ పరీక్షే, ఒప్పుకొంటాను. కార్యాలయంలో తనిఖీకి వచ్చేవారు మాకు పెట్టే పరీక్షలు ఇంతకంటె ఘనమైనవేమీ కావు.

నాలుగు రోజుల తరువాత వెళ్ళాను. తంత్రులు చక్కగా దిగాయి. మేస్త్రీ గిటారును వెల్లకిలా పెట్టి, నాదరంధ్రంలోనుండి చిన్న గుండ్రటి అద్దం, టార్చిలైటు లోనికి పోనిచ్చి, “లోపల ఆనుబద్ద ఒకటి జిగురు వదిలింది బాబూ. అందుకే మందర తంత్రి గరగరలాడుతోంది. అంటించమంటే అంటిస్తాను. మీరు చెప్పలేదు గనక చెయ్యి పెట్టలేదు” అన్నాడు. ఆ సంగతి నాకే తెలియదు. తరువాత మర బిరడాను చూపి, “ఈ స్క్రూ బిగించాను. దీనికి డబ్బులేమీ వద్దు. ఎవరో కావాలని వదులు చేశారు. గీత కొత్తగా ఉంది” అని నా ముఖం వంక చూశాడు. కోపం లేదు. చిన్న నవ్వు మాత్రం ఉంది.

నేను తల వంచుకొన్నాను. బిలాస్‌పూర్ స్టేషనులో రవీంద్రుని కవిత ఒకటి ప్రదర్శించి ఉంటుంది. పేరు ‘ఫాఁకి’, అనగా వంచన. 1918లో వెలువడిన ‘పలాతక’ సంపుటిలోనిది. రైలు మారడానికి ఈ స్టేషనులో ఆగిన ఒక గృహస్థు, కూలివాని భార్య రుక్మిణికి కూతురి పెండ్లి కోసం ఇరవై అయిదు రూపాయలు ఇమ్మన్న భార్య కోరికను మన్నించినట్లు నటించి, రెండు రూపాయలతో సరిపెడతాడు. భార్య పోయిన తరువాత ఆ బాకీ తీర్చడానికి తిరిగి వస్తే రుక్మిణి ఎక్కడున్నదో చెప్పగలవారే ఉండరు. ఆ ఫలకం ముందునుండి ఎన్నిసార్లు నడిచి వెళ్ళి ఉంటానో! ఇంటికి వెళ్ళేటప్పుడు నాకు మేస్త్రీకంటె ఆ గృహస్థే ఎక్కువగా గుర్తుకు వచ్చాడు.

మర్నాడు ఆదివారం. మేస్త్రీని ఇంటికి పిలిచాను. మా శ్రీమతి కాఫీ ఇచ్చింది. ఆయన ముందు వీణను ముట్టుకోలేదు. చుట్టూ తిరిగి చూసి, “ఎవరు వాయించేవారు బాబూ?” అని అడిగాడు. మా అమ్మ అని చెప్పాను. ఉన్నారా అన్నాడు. లేరన్నాను. అప్పుడు చేతులు తుడుచుకొని, నేలమీద కూర్చొని, మెట్లను ఒక్కొక్కటిగా వ్రేలితో తడిమాడు.

“ఇక్కడ గుంటలు పడ్డాయి. ఇవి తీసెయ్యమంటారా, ఉంచమంటారా?”

ఉక్కు తంత్రి ఏండ్ల తరబడి రాపాడి మెట్ల నెత్తిన గాళ్ళు పెట్టింది. సారణి క్రింద కొన్ని మెట్లకే అవి లోతుగా ఉన్నాయి. అమ్మకు ఇష్టమైన రాగాలు ఎక్కడెక్కడ నిలిచేవో ఆ గాళ్ళు చెబుతాయి. తరువాత ఫీలరు గేజితో కొలిచాను. అన్నిటికంటె లోతైనది మిల్లీమీటరులో మూడు పదుల వంతులు. ఆకురాయితో అయిదు నిమిషాల పని. మెట్లు చదును చేస్తే స్వరం శుభ్రపడుతుంది, అమ్మ గుర్తు చెరిగిపోతుంది. ఉంచితే గుర్తు ఉంటుంది, స్వరం జివ్వుమంటుంది. మరమ్మతు అంటేనే కొంత చెరపడమని నాకు అంతవరకు తోచలేదు. ఆ ప్రశ్న నేను వేసుకోవలసినది. వేసినది ఆయన.

ఏం చెప్పాలో తోచక, మీరేమి చేయగలరని అడిగాను. ఆయన లెక్క పెట్టి చెప్పాడు. బిరడాలు సరిచేయగలడు, కొత్తవి అక్కరలేదు, పట్టు తప్పినచోట సుద్ద రాసి సర్దవచ్చు. తంత్రులు మార్చగలడు. దండి క్రింది బుర్ర వదులైంది, బిగించగలడు. “మేళం మాత్రం నా వల్ల కాదు బాబూ. గిటారు మెట్టు వేరు, ఇది వేరు. బ్రిడ్జి మీది పలక కూడా ముట్టుకోను. ఒక్కసారి ఎక్కువ రాశానంటే మళ్ళీ వెనక్కి రాదు. అవి రెండూ బొబ్బిలి వాళ్ళ పని.”

గమనించండి, ఆయన విభజించినది తేలిక పనులు, కష్టమైన పనులు అని కాదు. తప్పు జరిగితే మళ్ళీ విప్పి యథాస్థితికి తేగల పనులు ఒకవైపు, తేలేనివి మరొకవైపు. సుద్ద తుడిచివేయవచ్చు. తంత్రి మళ్ళీ మార్చవచ్చు. రాసిన లోహం తిరిగి రాదు. మా తంబురాను పాడుచేసినవారికి లేనిది నేర్పు కాదు, ఈ వివేకం. నా ఉద్యోగజీవితంలో సాంకేతిక నిపుణులను ఎందరినో ఎంపిక చేశాను. ప్రతివానినీ ఏమి చేయగలవనే అడిగాను. ఏమి ముట్టుకోవని అడిగిన జ్ఞాపకం లేదు.

ఈ సందర్భంలో అమెరికా గాయకుడు విల్లీ నెల్సన్ గిటారు కథ చెప్పాలి. 1969లో ఆయన గిటారును తాగినవాడొకడు తొక్కి విరగగొట్టాడు. నాష్‌విల్‌లో షాట్ జాక్సన్ అనే నిపుణునికి పంపితే, ఇది బాగుపడదని ఆయన తేల్చి చెప్పి, తన వద్ద ఉన్న మార్టిన్ ఎన్-20 గిటారులో పాతదాని విద్యుత్ పరికరాన్ని అమర్చి ఇస్తానన్నాడు. నెల్సన్ దానిని కన్నులతో చూడకుండానే, ఫోనులో ఆ మాట నమ్మి, 750 డాలర్లకు కొన్నాడు. ‘ట్రిగ్గర్’ అని పేరుపెట్టిన ఆ గిటారునే ఇప్పటికీ వాయిస్తున్నాడు. పిక్ తగిలి తగిలి దాని పైపలకకు రంధ్రం పడింది. ఆస్టిన్‌లోని మార్క్ ఎర్లివైన్ దశాబ్దాలుగా దాని బాగోగులు చూస్తున్నాడు. లక్క పూత వేస్తాడు, లోపలి బద్దలు చూస్తాడు. ఆ రంధ్రాన్ని మాత్రం పూడ్చలేదు. ఇందుకు విరుద్ధమైనది మరొకటి. 2015 నాటి ‘ది హేట్‌ఫుల్ ఎయిట్’ చిత్రం కోసం మార్టిన్ కంపెనీ మ్యూజియము 1870ల నాటి గిటారును అరువిచ్చింది. చిత్రీకరణలో నకలుతో మార్చవలసిన సమయానికి మార్చలేదు. నటుడు అసలుదాన్నే ముక్కలు చేశాడు. భీమా సొమ్ము వచ్చింది. మ్యూజియమువారు ఇక సినిమాలకు గిటార్లు అరువివ్వబోమని చెప్పి ఊరుకొన్నారు.

వీణను మేస్త్రీకి ఇవ్వాలని నిశ్చయించుకొన్నాను. నా ఎదుటనే చేయమన్నాను. “మీరు చూస్తుంటే నా చెయ్యి మీకోసం పనిచేస్తుంది బాబూ, వీణ కోసం కాదు” అన్నాడు. సరే తీసుకువెళ్ళమన్నాను. రెండు రాత్రులు ఆయన దుకాణంలో ఉంది. ఆ రెండు రాత్రులూ నేను సరిగా నిద్రపోలేదని చెప్పడానికి సిగ్గుపడను. రెండవనాటి రాత్రి గాలివాన వచ్చి కరెంటు పోతే, ఆ దుకాణం పైకప్పు రేకులా, పెంకులా అని ఆలోచిస్తూ తెల్లవార్చాను. మా శ్రీమతి, “డంపరు పంపినప్పుడు ఇట్లా లేదే!” అని ఒక్క మాట అన్నది.

మూడవనాడు వీణ వచ్చింది. బిరడాలు నిలిచాయి. తీసివేసిన పాత తంత్రులను చుట్టలు చుట్టి, కాగితంలో పెట్టి ఇచ్చాడు. నేను అడగలేదు.

బొబ్బిలికి వెంటనే వెళ్దామనుకొంటే మేస్త్రీ వారించాడు. అది ఏప్రిల్ నెల. తేనెమైనం 62 డిగ్రీల దగ్గర కరిగినా, నలభైకి ముందే మెత్తబడుతుంది. బిలాస్‌పూర్ ఎండ 45 దాటే రోజులలో రైలుపెట్టెలో ఒక పగలు ఉంచితే, ఉన్న మెట్లు కూడా ఒరుగుతాయి. డిసెంబరులో కోర్బా-విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. పాత దుప్పట్లు చుట్టి, ప్లైవుడ్ పెట్టె కట్టి ఇచ్చినవాడు మేస్త్రీయే. నాన్నగారు తెచ్చిన దారినే వీణ తిరిగి వెళ్ళింది. పై బెర్తు దానికిచ్చి నేను క్రింద కూర్చున్నాను.

గొల్లపల్లిలో శిల్పి వీణను చూడగానే, ఎవరి చేతి పని అయి ఉంటుందో చెప్పాడు. నేను అలవాటు ప్రకారం చేయవలసిన పనులు, చేయకూడని పనులు వరుసగా టైపు చేయించి తీసుకువెళ్ళిన కాగితం ఇచ్చాను. పట్టిక కూడా జతపరచాను. ఆయన మర్యాదగా పుచ్చుకొని, చదివి, కుంపటి ప్రక్కన పరచి, దానిమీద మైనం డబ్బా పెట్టుకొన్నాడు. మెట్లన్నీ తీసి, పాత మైనం గీకి, కొత్త దిమ్మ వేసి, ఒక్కొక్క మెట్టునే నిలిపి, మీటి, వ్రేలితో నొక్కి, మళ్ళీ మీటి సరిచేశాడు. రోజంతా పట్టింది. గాళ్ళు పడిన మెట్లను రాయవద్దని నోటితో కూడా చెప్పాను. మూడు మెట్లు అట్లా ఉంచితే పలకవని ఆయన అన్నాడు. వినిపించమన్నాను. వినిపించాడు. నిజమే, పలకలేదు. ఆ మూడు మార్చమన్నాను. మిగిలినవి ఉన్నట్లే ఉన్నాయి. తీసిన మూడు మెట్లూ అమ్మ కుంకుమభరిణెలో ఉన్నాయి.

మా అమ్మాయి ఇప్పుడు సరళీస్వరాలు ముగించి జంటస్వరాలలో ఉన్నది. పంచమం దగ్గర సారణి ఇంకా కొంచెం జివ్వుమంటుంది. గాడి ఉన్న మెట్టది. పాఠం చెప్పే అమ్మగారు రెండుసార్లు అన్నారు. మొన్న మేస్త్రీ ఇటుగా వచ్చినప్పుడు విని, చూడమంటారా బాబూ అని అడిగాడు. దసరా తరువాత చూద్దామన్నాను. సరేనని కాఫీ త్రాగి వెళ్ళాడు.